ఏడాది పప్పులు, బియ్యం పురుగు పట్టకుండా నిల్వ చేసుకోవడం ఎలా?

"డబ్బా నిండా వేపాకు వేశాను, మూత గట్టిగా బిగించాను, అయినా కందిపప్పుకు పురుగు పట్టింది. ఎక్కడ పొరపాటు జరిగింది?" మృగశిర కార్తె ప్రవేశించి నాలుగు చినుకులు పడగానే ఈ ప్రశ్న ఏటా నా దగ్గరకు వస్తుంది. అడిగేవారు మారుతుంటారు గాని పొరపాటు మాత్రం దాదాపు ఒక్కటే. పురుగు బయటినుంచి వచ్చి డబ్బాలో దూరుతుందని మనం అనుకుంటాము. చాలావరకు అది గుడ్డుగానో, గింజ లోపల దాగిన పిల్లపురుగుగానో సరుకుతోపాటే ఇంటికి వస్తుంది. చేనులో కాయ మీద ఉన్నప్పుడే పప్పు పురుగు గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది, ఆ తరువాత గిడ్డంగిలోనూ కొట్టులోనూ ఆ సంతతి పెరుగుతూనే ఉంటుంది. అందువల్ల మూత వేయడానికి ముందు ఏమి చేశారన్న దానిమీదే మీ సరుకు భవిష్యత్తు ఆధారపడి ఉంటుంది.

కొత్త కందులు, పెసలు, మినుములు అంగడికి వచ్చిన తరువాత, అంటే ఫిబ్రవరి నుంచి మే నెలాఖరులోపు ఈ పని ముగించుకోవాలి. రోహిణి కార్తె ఎండలు దాటిపోతే గాలిలో తేమ పెరుగుతుంది, ఆ తరువాత ఎంత ఎండబెట్టినా గింజ మళ్ళీ తేమ పీల్చుకుంటుంది.

కావలసినవి

చాట, సన్నని జల్లెడ, రెండు ఉతికిన పాత నూలు దుప్పట్లు, పైన కప్పడానికి ఒక పలుచని పాత చీర. మూత బిగుతుగా పట్టే స్టీలు డబ్బాలు లేదా డ్రమ్ములు (ఒక పెద్దదానికి బదులు రెండు మూడు మధ్యరకంవి ఉంటే మేలు). వంటాముదం, కిలో పప్పుకు ఒక చిన్న చెంచా లెక్కన. తేమ పరీక్షకు ఒక పొడి గాజు సీసా, రెండు చెంచాల పొడి ఉప్పు. నీడన ఆరబెట్టిన వేపాకు ఉంటే సరే, లేకపోయినా పని ఆగదు. తేదీ రాసి అంటించడానికి కాగితం, కలం. డాబా లేని అపార్ట్‌మెంటులో ఉండేవారికి ఫ్రిజ్‌లోని ఫ్రీజరు, మందపాటి అడుగున్న బాణలి సరిపోతాయి.

చేసే విధానం

1. కొనేటప్పుడే గింజను చూడండి. గుప్పెడు పెసలు తెల్లని పళ్ళెంలో పోసి కిటికీ వెలుగులో చూస్తే, గింజ మీద సూదిమొన అంత తెల్లని చుక్కలు అతుక్కుని కనిపించవచ్చు. వాటిని దుమ్ము అనుకుని చాలామంది వదిలేస్తారు. అవి పప్పు పురుగు గుడ్లు, గోటితో గీకితే గాని ఊడిరావు. గింజకు గుండ్రని రంధ్రం ఉంటే అందులోని పురుగు అప్పటికే పెరిగి బయటకు వెళ్ళిపోయిందని అర్థం. రంధ్రాలున్న సరుకు ఎంత చవకగా వచ్చినా ఏడాది నిల్వకు కొనవద్దు. పొట్టుతో ఉన్న పూర్తి గింజకన్నా బద్దలు చేసిన పప్పుకు ఈ పురుగు బెడద తక్కువ. నున్నగా, గుండ్రంగా ఉన్న గింజ మీద గుడ్డు పెట్టడమే దానికి ఇష్టం. కందులు చేతికి రాగానే పప్పు ఆడించి దాచుకునే పాత అలవాటు వెనుక ఇటువంటి అనుభవమే ఉండి ఉంటుంది. తాండూరు కంది అయినా, మీ ఊరి కంది అయినా ఈ విషయంలో తేడా ఏమీ లేదు.

2. చెరగండి, జల్లించండి. నూక, పొట్టు, దుమ్ము పూర్తిగా పోవాలి. ఎర్రగా, చిన్నగా, చపటగా ఉండే లక్క పురుగుకు విరిగిన గింజ, పిండి అంటే మక్కువ, పూర్తి గింజను కొరకడం దానికి కష్టం. అందుచేత జల్లెడలోంచి రాలే పిండిని వదిలేయడమంటే ఆ పురుగుకు భోజనం సిద్ధం చేసి ఉంచడమే. జల్లెడ పట్టిన చెత్తను వంటింటి చెత్తబుట్టలో వేయకండి. సబ్బునీళ్ళున్న బకెట్టులో పారబోయండి, లేకపోతే సాయంత్రానికి ఆ పురుగులే తిరిగి అలమరలో చేరతాయి.

3. ఎండబెట్టండి. ఉదయం పది గంటలకు డాబా నేల బాగా వేడెక్కిన తరువాత దుప్పటి పరిచి, పప్పును వేలి మందానికి మించకుండా పలుచగా నెరపండి. కుప్పగా పోస్తే పై పొర మాత్రమే ఎండుతుంది, పురుగులు కిందికి దిగి చల్లగా కూర్చుంటాయి. గంటకొకసారి చేత్తో కలియబెట్టండి. పావురాలు వాలకుండా, ఇంట్లో పిల్లి ఉంటే ఆ మెత్తటి పరుపు మీద అది పడుకోకుండా పైన పలుచని చీర కప్పి అంచులకు రాళ్ళు పెట్టండి. (మా పిల్లి ఒకసారి మినప్పప్పును ఇసుక అనుకుని తవ్వింది, ఆ పప్పు ఏమైందో చెప్పనవసరం లేదు.) సాయంత్రం నాలుగు గంటలకల్లా ఎత్తేయాలి. మంచు దిగేదాకా ఉంచితే పొద్దుటి కష్టమంతా వృథా. ఇలా వరుసగా రెండు రోజులు, ఎండ తీవ్రత తక్కువగా ఉంటే మూడు రోజులు చేయండి.

ఎండబెట్టేచోట పాత బస్తాలు ఉండకూడదు. వేడికి తట్టుకోలేని పెద్ద పురుగులు దుప్పటి అంచు దాటి నడిచి వెళ్ళిపోతాయి, దగ్గరలో బస్తా ఉంటే అందులో దూరి రాత్రికి తిరిగి వస్తాయి.

గింజ లోపలి పిల్లపురుగు కూడా చావాలంటే వేడి 55 డిగ్రీల సెల్సియస్ దాటి కొంతసేపు నిలవాలి, మామూలు ఎండకు అన్నిచోట్లా అంత వేడి రాదు. దీనికొక ఉపాయం ఉంది. కింద నల్లని ప్లాస్టిక్ పట్టా పరిచి, దాని మీద పప్పు పలుచగా పోసి, పైన లోపలిది కనిపించే పలుచని ప్లాస్టిక్ పట్టా కప్పి, నాలుగు అంచులూ రాళ్ళతో బిగించండి. నడివేసవి మిట్టమధ్యాహ్నం రెండు మూడు గంటలు అలా ఉంచితే లోపలి వేడి బాగా పెరుగుతుంది. ఆ తరువాత పై పట్టా తీసి, లోపల పట్టిన చెమ్మ ఆరేదాకా మరో గంట ఎండనివ్వండి. ఈ పద్ధతి పప్పుధాన్యాలకు మాత్రమే. బియ్యానికి చేయకండి, విత్తనానికి ఉంచుకునే గింజకూ వద్దు.

డాబా లేనివారు పప్పును రెండేసి కిలోల సంచుల్లో కట్టి ఫ్రీజరులో వారం రోజులు ఉంచండి. వేడి చేసే పనినే చలి కూడా చేస్తుంది. మైనస్ 18 డిగ్రీల వద్ద నాలుగు రోజులు చాలు గాని, మన ఇళ్ళలో ఫ్రీజరు తలుపు రోజుకు పదిసార్లు తెరుస్తాము కాబట్టి వారం పెట్టుకోవడం క్షేమం. బయటకు తీసిన వెంటనే సంచి విప్పకూడదు. చల్లని గింజ మీద గాలిలోని తేమ చెమటలా పడుతుంది. సంచి కట్టి ఉండగానే ఒక పూటంతా వంటింటి అరుగు మీద వదిలి, లోపలి గింజ మామూలు వేడికి వచ్చాక మూతి విప్పండి. ఎండ ముఖం అరుదుగా చూసే దేశాల్లో ఉన్న మనవాళ్ళకు ఇదే సులువైన దారి.

మూడో మార్గం బాణలి. కందిపప్పు, పెసరపప్పు సన్నని సెగమీద, రంగు మారకుండా, చెయ్యి పెడితే చురుక్కుమనేంతవరకు వేపి చల్లార్చడం. బొంబాయి రవ్వకు దీనికి మించిన పద్ధతి లేదు. అయితే నానబెట్టి రుబ్బే మినప్పప్పును మాత్రం వేపకండి, పిండి సరిగా పొంగదు.

4. చల్లారనివ్వండి. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. కొన్నేళ్ళ కిందట నేను ఎనిమిది కిలోల కందిపప్పును రెండు రోజులు శుభ్రంగా ఎండబెట్టి, ఏదో పెళ్ళికి వెళ్ళే తొందరలో, డాబా మీదనుంచి తెచ్చిన వేడివేడి పప్పును అలాగే డ్రమ్ములో పోసి మూత వేసి వెళ్ళాను. నెల తరువాత తీస్తే మూత లోపలి వైపు నీటి బొట్లు ఎండిన మచ్చలు, పై పొరలో పిడికెడు పప్పు ఉండకట్టి, ఆకుపచ్చ బూజు, తడి గోనెసంచి వాసన. పురుగు ఒక్కటి కూడా లేదు, అయినా పైన పప్పు చాలావరకు పారబోయవలసి వచ్చింది. వేడి గింజలోంచి వచ్చే ఆవిరి చల్లని మూతకు తగిలి నీరవుతుంది, ఆ నీరు తిరిగి గింజ మీదే పడుతుంది. కాబట్టి ఎండలోంచి తెచ్చిన పప్పును ఇంట్లో నేల మీద పలుచగా పరిచి, ఫ్యాను కింద మూడు నాలుగు గంటలు వదిలేయండి. చెయ్యి మధ్యలోకి దూర్చి చూస్తే వెచ్చదనం అసలు తెలియకూడదు. రాత్రంతా మాత్రం వదలకండి, ముఖ్యంగా కోస్తా జిల్లాల్లో, తెల్లవారేసరికి గాలిలోని తేమ గింజకు ఎక్కుతుంది.

5. తేమ పరీక్షించండి. పెద్దవాళ్ళు గింజ కొరికి చూసేవారు. పంటికింద టక్కుమని విరిగితే ఎండినట్లు, అణిగితే ఎండనట్లు. అంత అలవాటు లేనివారు సీసా పరీక్ష చేయవచ్చు. బాగా ఆరిన గాజు సీసాలో మూడోవంతు పప్పు, బాణలిలో వేడిచేసి చల్లార్చిన ఉప్పు రెండు చెంచాలు వేసి, మూత పెట్టి, రెండు మూడు నిమిషాలు బాగా ఊపండి. పది నిమిషాలు కదపకుండా ఉంచి చూడండి. ఉప్పు సీసా గోడలకు అంటుకుని ఉంటే గింజలో ఇంకా తేమ ఉంది, మరో రోజు ఎండబెట్టవలసిందే. ఉప్పు పొడిపొడిగా అడుగుకు రాలిపోతే పప్పు నిల్వకు పనికివస్తుంది.

6. ఆముదం పట్టించండి. పళ్ళెంలో కిలో పప్పుకు ఒక చిన్న చెంచా ఆముదం వేసి, రెండు అరచేతులతో మృదువుగా రుద్దుతూ ప్రతి గింజకూ పలుచని మెరుపు వచ్చేదాకా కలపండి. గింజ ఒంటికి నూనె పట్టి ఉంటే గుడ్డుకు గాలి ఆడదు, పెద్ద పురుగుకు కూడా గుడ్డు అతికించడానికి పట్టు దొరకదు. ఆముదం ఎక్కువైతే గింజలు ముద్దకట్టి జిడ్డు వాసన వేస్తాయి, కాబట్టి "ఇంకొంచెం వేద్దాం" అన్న ఆశ పనికిరాదు. ఎండబెట్టడానికి ముందు ఆముదం రాయడం మరో పొరపాటు, అలా చేస్తే దుమ్మంతా గింజకు అంటుకుంటుంది. వండేముందు గోరువెచ్చని నీళ్ళతో రెండుసార్లు కడిగితే వాసన పోతుంది. వాసన గిట్టనివారు ఈ మెట్టు మానేసి, ఎండ లేదా ఫ్రీజరు మీద, బిగుతైన డబ్బా మీద ఆధారపడవచ్చు.

7. డబ్బా సిద్ధం చేసి నింపండి. నిరుటి పప్పు అడుగున పిడికెడు మిగిలి ఉంటే దాని మీదే కొత్తది పోయడం మన ఇళ్ళలో మామూలు. ఆ పిడికెడే కొత్త సరుకంతటికీ పురుగు అంటిస్తుంది. డబ్బా ఖాళీ చేసి, మూత మడతల్లోనూ అడుగు అంచులోనూ పాత బ్రష్షుతో తోమి కడిగి, ఒక రోజు ఎండలో బోర్లించి ఉంచండి. ఆ తరువాత అంచు దాకా నింపండి, మధ్యమధ్య డబ్బాను నేలకు తట్టి గింజ సర్దుకునేలా చూడండి. లోపల ఖాళీ తక్కువైతే గాలి తక్కువ. ఎక్కడో ఒకటి రెండు పురుగులు మిగిలినా ఉన్న కాస్త గాలినీ అవే వాడుకుని అణగారిపోతాయి. సగం నిండిన పెద్ద డ్రముకన్నా అంచుదాకా నిండిన చిన్న డబ్బా నయమని నేను చెప్పేది ఇందుకే. మూత వదులుగా ఉంటే డబ్బా నోటికి మందపాటి ప్లాస్టిక్ కాగితం వేసి దాని మీద మూత నొక్కండి.

8. వేపాకు వేయదలిస్తే నీడన పెళపెళలాడేదాకా ఆరబెట్టి, నూలుగుడ్డలో మూట కట్టి వేయండి. చెట్టునుంచి కోసిన పచ్చి ఆకు అలాగే వేస్తే దానిలోని నీరంతా పప్పుకే చేరుతుంది. వేపాకు, ఎండుమిర్చి, లవంగాలు, వెల్లుల్లి, ఇవన్నీ కొత్తగా వచ్చే పురుగును కొంత వెనక్కు నెట్టవచ్చు గాని గింజ లోపల ఉన్నదాన్ని చంపలేవు. వెల్లుల్లి అయితే నేను అసలు వేయను, పప్పుకు ఆ వాసన పట్టేస్తుంది.

9. వాడుక డబ్బా వేరుగా పెట్టుకోండి. పదిహేను రోజులకు సరిపడా పప్పు చిన్న డబ్బాలోకి తీసుకుని, పెద్ద డబ్బాను మళ్ళీ అంతవరకు ముట్టవద్దు. రోజూ తెరిచే డబ్బాకు ఎంత గట్టి మూత ఉన్నా ప్రయోజనం తక్కువ. తడి గరిట, తడి చెయ్యి పెద్ద డబ్బా దరిదాపులకు రాకూడదు. డబ్బాలను గోడకు ఆనించకుండా, నేలకు తగలకుండా చెక్కపీట మీద ఉంచండి. ప్రతి డబ్బా మీద పేరు, నింపిన తేదీ రాసి అంటించండి.

ఫలితం ఎలా చూసుకోవాలి?

వేసవిలో పప్పు పురుగు గుడ్డు దశనుంచి రెక్కల పురుగు అయ్యేదాకా సుమారు నెల పడుతుంది. కాబట్టి నింపిన మర్నాడో వారానికో తెరిచి "ఏమీ లేదు" అని సంతోషపడితే ఆ పరీక్షకు అర్థం లేదు. ముప్పై, ముప్పై అయిదు రోజుల తరువాత ఎండ ఉన్న రోజు చూసి తెరవండి. ముందుగా వాసన చూడండి, ముక్క వాసన వస్తే తేమ చేరినట్లే. తరువాత చేతిని మోచేతిదాకా లోపలికి పంపండి. మధ్యలో ఎక్కడైనా గింజ వెచ్చగా తగిలితే అక్కడ పురుగులు గుంపుగా ఉన్నట్లు, వాటి ఊపిరి వల్లనే ఆ వేడి. చివరగా అడుగునుంచి ఒక గుప్పెడు తీసి నల్లని గుడ్డ మీద పోసి దులపండి, తెల్లని పిండి రాలితే లోపల ఎవరో భోంచేస్తున్నారని తెలుసుకోవచ్చు. ఈ మొదటి తనిఖీ దాటిన డబ్బాను తరువాత రెండు నెలలకొకసారి చూస్తే చాలు.

బియ్యం సంగతి వేరు

బియ్యాన్ని పప్పులా మండుటెండలో పోయకండి. గింజ పగిలి, వండినప్పుడు నూకల అన్నమవుతుంది. నీడ పట్టున, గాలి ఆడేచోట ఒక పూట ఆరబోస్తే సరిపోతుంది. నలుగురున్న ఇంటికి ఏడాది బియ్యం ఒకేసారి తెచ్చి పెట్టుకోవడం, అందులోనూ అపార్ట్‌మెంటులో, నాకు తెలివైన పనిగా తోచదు. పొలం ఉన్నవారు వడ్లుగా ఉంచి మూడు నెలలకొకసారి మరపట్టించుకోవడం మేలు. ఊక కప్పి ఉన్నంతకాలం, బియ్యానికి పట్టే ముక్కు పురుగు తేలికగా లోపలికి వెళ్ళలేదు, వడ్లు పాతబడటంతో అన్నం కూడా పొడిపొడిగా వస్తుంది. కొనుక్కునేవారు ఒకటి రెండు బస్తాలకు మించి నిల్వ పెట్టనక్కరలేదు. (ఇప్పుడు బస్తా మీద 26 కిలోలని ఎందుకు ఉంటోందని కొందరు అడుగుతుంటారు. 2022 జులైనుంచి 25 కిలోల వరకు ఉన్న ప్యాకింగు బియ్యం మీద 5 శాతం జీఎస్టీ పడటంతో మిల్లులు ఒక కిలో పెంచి ఆ లెక్క దాటాయి.) బస్తా విప్పగానే బియ్యాన్ని డబ్బాల్లోకి మార్చండి, గోనె కుట్లలో పురుగు దాగుతుంది. ఆముదం రాసేవారు పప్పుకు వాడేదానిలో సగం వాడితే చాలు. దంపుడు బియ్యానికి తవుడులోని నూనె వల్ల వాసన మారుతుంది కాబట్టి రెండు నెలలకు సరిపడా మాత్రమే ఉంచుకోండి.

మిగిలినవి క్లుప్తంగా: రాగులకు పురుగు బాధ చాలా తక్కువ, ఎండబెట్టి పెడితే ఏళ్ళ తరబడి నిలుస్తాయి. సజ్జపిండి మాత్రం కొద్దిరోజులకే చేదెక్కుతుంది, కావలసినప్పుడల్లా పట్టించుకోవాలి. చింతపండు గింజ, ఈనెలు తీసి, ఎండబెట్టి, ఉప్పు చల్లుతూ జాడీలో అణచాలి, అల్యూమినియం డబ్బా పనికిరాదు.

ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడనివి

గిడ్డంగుల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలను ఇంటి డబ్బాలో వేయకండి. అవి గాలిలోని తేమ తగిలి ఫాస్ఫీన్ అనే విషవాయువు విడుస్తాయి. దానికి విరుగుడు మందు లేదు, మూసిన గదిలో మనుషుల ప్రాణాలు తీస్తుంది. శిక్షణ పొందినవారు తప్ప మరొకరు ముట్టకూడని వస్తువు అది, ఎవరైనా తెలిసినవారు "ఒక్క బిళ్ళ చాలు" అని ఇచ్చినా తీసుకోకండి. బోరిక్ పొడిని బియ్యానికి రుద్దే అలవాటు ఇంకా కొన్ని ఇళ్ళలో ఉంది. కడిగితే పోతుందని సర్దిచెప్పుకుంటారు గాని అది తిండిలో కలపదగిన పదార్థం కాదు. పాదరసం కలిపిన గుళికలు, బొద్దింకల మందు, నాఫ్తలీన్ ఉండలు, ఇవన్నీ అదే కోవలోవి.

ఇప్పటికే పురుగు పట్టి ఉంటే

అక్కడక్కడ నాలుగు పురుగులు కనిపిస్తే కంగారుపడి మొత్తం పారబోయనక్కరలేదు. డబ్బాను వెంటనే మిగిలిన డబ్బాలకు దూరంగా జరపండి. జల్లించి, వారం రోజులు ఫ్రీజరులో ఉంచి లేదా పట్టా పద్ధతిలో ఎండబెట్టి, మళ్ళీ జల్లించి, ఆ పప్పును నిల్వకు కాకుండా ముందుగా వాడుకోండి. వండేముందు నీళ్ళలో పోస్తే పుచ్చు గింజలు పైకి తేలుతాయి, వాటిని వంచేయండి. గుప్పెడులో సగం గింజలకు రంధ్రాలున్నా, గింజలు సాలెగూడు లాంటి దారంతో ఉండలు కట్టినా, చేదు వాసన వస్తున్నా ఆశ వదులుకోవడమే మంచిది. బూజు పట్టిన వేరుశెనగ గుళ్ళు, మిరపకాయలు అయితే కొంచెమే కదా అని ఏరి వాడకండి, ఆ బూజు విడిచే అఫ్లాటాక్సిన్ వేపినా ఉడికించినా పోదు. పశువుల దాణాలో కూడా కలపవద్దు, పాలలోకి వస్తుంది. పారేసే సరుకును సంచిలో మూతి కట్టి ఆ రోజే చెత్తబండికి ఇచ్చి, ఆ డబ్బా ఉన్న అలమర మూలలు, అరల సందులు పొడిగుడ్డతో తుడిచి, నెల తరువాత పక్క డబ్బాలను కూడా ఒకసారి తెరిచి చూడండి.